అపార్ట్‌మెంట్ గ్రూపులో పంచుకున్న యాంటీబయాటిక్స్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. మదీనాగూడలోని ఒక ఆస్పత్రి ల్యాబులో నేను మైక్రోబయాలజిస్టుని. రోగి ఒంట్లో ఏ సూక్ష్మజీవి చేరిందో, అది ఏ మందుకు చస్తుందో తేల్చడం నా పని.

ఆ ఉదయం ఒక మూత్రం కల్చర్ ప్లేటు చూసి ఒళ్లు మండిపోయింది. కల్చర్ అంటే సూక్ష్మజీవుల్ని పెంచి చూడటం. వాటి మధ్య యాంటీబయాటిక్ అద్దిన చిన్న కాగితం బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఇక్కడ దాదాపు ప్రతి బిళ్ల అంచుదాకా క్రిములు దర్జాగా పెరిగాయి. చివరి అస్త్రంలా దాచుకునే ఒక ఇంజెక్షన్ మందు చుట్టూ మాత్రమే ఖాళీ ఉంది.

రోగి పేరు శిరీష. గోపన్‌పల్లిలో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఆరో నెల గర్భిణి. ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కింది. నెలలు నిండకుండానే కాన్పు వచ్చేస్తుందేమోనని డాక్టర్లు భయపడుతున్నారు. అప్పటిదాకా నేను రిపోర్టు పంపి ఊరుకునేదాన్ని. ఆ రోజు ఉండబట్టలేక వార్డుకెళ్లాను.

“ఇంతకుముందు ఏం మందులు వాడారమ్మా?”

“మంట పుట్టినప్పుడల్లా ఏదో ఒకటి ఏసుకున్న మేడం. జర తగ్గంగనే బంద్ చేసిన. మా అపార్ట్‌మెంట్ గ్రూపుల అడిగితే ఎవరో ఒకరు ఇస్తరు.”

ఫోను చూపించింది. మిగిలిపోయిన మాత్రల ఫొటోలు, వాటి కింద చప్పట్లు, సెక్యూరిటీ దగ్గర పెట్టాం తీసుకోండి అని సందేశాలు! యాంటీబయాటిక్స్‌ని వినాయక చవితి ప్రసాదంలా పంచుకుంటున్నారు.

ఆమె భర్తది కడప. “వాళ్లేమన్నా సదువు లేనోళ్లా మేడం? అందరూ ఇంజనీర్లే. పారేసేదెందుకని ఇస్తాండారు,” అన్నాడు.

“ఇంజనీర్లయితే మరీ సిగ్గుచేటండీ! ఎవరి రోగానికో రాసిన మందు, అదీ సగం సగం. బలహీనమైన క్రిములు చచ్చాయి, మొండివి మిగిలి పెరిగాయి. ఇప్పుడు మీ ఆవిడకి మాత్రలు పనిచేయవు. ఈ ఇంజెక్షనూ పనిచేయకపోతే బిడ్డ సంగతేంటో మీ గ్రూపునే అడగండి!”

శిరీష కడుపు మీద చెయ్యేసుకుని ఏడ్చింది. జాలేసింది, అయినా నా కోపం తగ్గలేదు.

అదృష్టం, ఇంజెక్షన్ పనిచేసింది. జ్వరం దిగింది, లోపల బిడ్డ క్షేమంగా ఉంది. డిశ్చార్జి రోజు ఇద్దరూ ల్యాబుకొచ్చారు. భర్త చేతులు జోడించాడు.

“మేడం, ఆ ఇంజెక్షన్ పేరొకసారి చెప్పండి. బాగా పనిచేసిందని గ్రూపులో పెడతా, నలుగురికీ పనికొస్తాది.”

శిరీషే ఫోను లాక్కుంది. “నీకింక బుద్ధి రాదా? ఏంది నువ్వు!” అని, తనే టైపు చేసి నాకు చూపించింది: “మీరిచ్చిన మాత్రలు ఏసుకుని నా బిడ్డ పానం మీదికి తెచ్చుకున్న. దండం పెడ్త, ఇగ ఎవ్వరు ఇయ్యకుండ్రి, ఎవ్వరు అడగకుండ్రి.”

రిపోర్టు పంపేసి చేతులు దులుపుకుంటే చాలదని ఆ కేసుతో తెలిసింది. అలాంటి ప్లేటు కనబడితే ఇప్పుడు నేనే వార్డుకెళ్తాను. నొచ్చుకుంటే నొచ్చుకోనీ, తిట్టయినా సరే చెప్పే వస్తాను.