హెడ్లీ బాగుచేసిన తలుపు

హెడ్లీ ఆక్రాయిడ్ జీవితమంతా తాళాలతోనే గడిచింది. హాలిఫాక్స్‌లో ఒక పిల్లల బడికి కాపలాదారుగా చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే పని విరమించుకున్నాడు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి తలుపులు తెరవడం, సాయంత్రం అందరూ పోయాక మూయడం, మధ్యలో పిల్లలు వేళ్ళు పెట్టి విరిచిన గడియలు బాగుచేయడం అతని పని. తన నడుముకు వేలాడే తాళంచెవుల గుత్తి చప్పుడు వినపడితే హెడ్‌మాస్టరు కూడా సర్దుకుని కూర్చునేవాడని చెప్పుకునేవాడు. అందులో సగం కోతే. కానీ హెడ్లీకి తాళాల గురించి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమేనని ఆ వీధిలో అందరూ ఒప్పుకునేవారు.

అంతటివాడి సొంత కారవాన్ తలుపు రెండు మూడు వేసవుల నుంచి పట్టేస్తోంది.

చక్రాల మీది చిన్న ఇల్లులాంటి ఆ కారవాన్‌ను కారు వెనక తగిలించుకుని విట్బీ వైపు సముద్రపు గట్టుకు పోవడమే హెడ్లీ, ఆడ్రీ దంపతులకు పండగ. ఆడ్రీ అదే బడిలో మధ్యాహ్నాలు పిల్లలకు భోజనం వడ్డించేది. చేతిలో గరిటె ఉంటే చాలు, ఆవిడ ముందు కిక్కురుమనే పిల్లాడు ఉండేవాడు కాదు. మనిషి కడిగిన ముత్యంలా ఉండేది. ఏప్రన్ మీద మరక పడితే మధ్యాహ్నం మధ్యలోనైనా మార్చుకునేది. అటువంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. మాట పూర్తిగా పోలేదు గానీ, ఒకటి అనబోతే ఇంకొకటి వచ్చేది. అలా తప్పుగా మాట్లాడటం కంటే నోరు మూసుకోవడమే మేలనుకుంది. ఇంట్లో ఉన్నంతసేపూ కిటికీ పక్క కుర్చీలో ఒక్క తీరుగా కూర్చునేది. కారుకు కారవాన్ తగిలించిన రోజు మాత్రం తనంతట తనే కోటు వేసుకుని గుమ్మంలో నిలబడేది. ఇక ఆమెకు మిగిలిన లోకం అదొక్కటేనని హెడ్లీకి తెలుసు.

కూతురు జిలియన్‌కు ఈ ప్రయాణాలు ఇష్టం లేదు. బయలుదేరే ముందు ఫోనులో ఖచ్చితంగానే చెప్పింది. "నాన్నా, ఈసారికి వెళ్ళిరండి. అమ్మకి ఏ చిన్న ఇబ్బందొచ్చినా దాన్ని అమ్మేద్దాం. మళ్ళీ నాతో వాదించకూడదు."

"ఇబ్బందేముంటుందమ్మా, అంతా బానే ఉంటుంది" అన్నాడు హెడ్లీ. ఆ ఊళ్ళవాళ్ళకు ఆ మాట ఊతపదం. ఇల్లు తగలబడుతున్నా, పలకరిస్తే బానే ఉందంటారు.

తలుపు సంగతి కూతురికి చెప్పలేదు. చెప్పడానికేముంది, అతనికి దాని కిటుకు తెలుసు. భుజంతో తలుపును కాస్త పైకెత్తి, పిడి లాగుతూ మోకాలితో ఒక్క పోటు పొడిస్తే వచ్చేస్తుంది. కారవాన్లు నిలిపే మైదానానికి చేరగానే తాళంలో డబ్బాతో ఇంత నూనె కొడతాడు. నూనెకు సముద్రపు ఇసుక అంటుకుంటుంది, ఇసుక మీద మళ్ళీ నూనె కొడతాడు. పైగా కారవాన్ సమంగా నిలవాలన్నది ఇంకో పిచ్చి. రసమట్టం గొట్టంలో నీటిబుడగ సరిగ్గా నడిమధ్యకు వచ్చేదాకా నాలుగు మూలలా ఉన్న ఇనుప కాళ్ళను తిప్పి తిప్పి బండిని పైకెత్తేవాడు. ఆ కాళ్ళు ఊగకుండా ఆనించడానికే గానీ ఎత్తడానికి కాదనీ, అలా ఎత్తితే చట్రం మెలితిరిగి తలుపు బిగిసిపోతుందనీ కిందటేడే పక్క కారవాన్ మాల్కమ్ చెప్పాడు. హెడ్లీ వింటేనా. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఆ ఉదయం గాలి జోరుగా ఉంది. తలుపు తీసి ఉంచితే ఊడి కొట్టుకుపోయేలా ఉంది. నీళ్ళకు వెళ్తూ హెడ్లీ తలుపు గట్టిగా లాగి మూశాడు. "ఇప్పుడే వచ్చేస్తా బంగారం, వచ్చి టీ పెడతా" అని పీపా దొర్లించుకుంటూ కుళాయి వైపు నడిచాడు.

ఆ మైదానంలో నీళ్ళకు పోయినవాడు నీళ్ళతో తిరిగి రావడం అంత తేలిక కాదు. అడుగడుక్కీ ఒకడు కుర్చీలోంచి లేచి పలకరిస్తాడు. నిన్న దారిలో ఎంత రద్దీగా ఉంది, రేపు వాన పడుతుందా, కారవాన్ పక్కన వేసే నీ గుడారం ఏ కంపెనీది అంటూ పట్టుకుంటాడు. కుళాయి దగ్గర మాల్కమ్ కూడా ఉన్నాడు. ఇంకో ఇద్దరు చేరారు. మాటల్లో ఎవరో హెడ్లీ తలుపు సంగతి ఎత్తారు. రాత్రి అతను దాన్ని మోకాలితో పొడవడం అందరూ విన్నారు మరి.

"తాళం మొత్తం మార్చెయ్యి, పీడా పోతుంది" అన్నాడొకడు.

"మార్చక్కర్లేదు, ఇంకాస్త నూనె కొట్టు" అన్నాడు ఇంకొకడు.

"నూనె కొట్టీ కొట్టీ అందులో పకోడీలు వేయించొచ్చు ఇప్పుడు" అన్నాడు మాల్కమ్. "నా మాట విని ముందు ఆ కాళ్ళు దించు పెద్దాయనా."

"నీకు తాళాల గురించి ఏం తెలుసోయ్? మీ బార్న్స్‌లీ ఊళ్ళో తలుపులుంటాయా అసలు?"

అందరూ నవ్వారు. అప్పుడే అటుగా కుక్కను తిప్పుకుంటూ వచ్చిన ఒకావిడ హెడ్లీతో అంది. "మీ ఆవిడ ఇవాళ మంచి హుషారుగా ఉందండీ. కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను."

"నాకూ ఊపింది" అన్నాడు మాల్కమ్. "వస్తూంటే చూశా."

హెడ్లీ తలెత్తి చూశాడు. దూరంగా కిటికీ అద్దం వెనక ఆడ్రీ నిలబడి ఉంది. ఎడమచెయ్యి పైకెత్తి ఊపుతోంది. జబ్బు చేసిన తర్వాత ఆమె ఎవరికైనా చెయ్యి ఊపడం అతను చూడలేదు. సముద్రపు గాలి పనిచేసిందనుకున్నాడు, జిలియన్‌కు ఈ సంగతి చెప్పాలనుకున్నాడు. రెండు చేతులూ ఎత్తి గట్టిగా ఊపాడు. ఆమె ఇంకా గట్టిగా ఊపింది. సంతోషంతో ఇంకో కబురు మొదలుపెట్టాడు.

అతను తిరిగి వచ్చేసరికి చాలాసేపయింది. పీపా నిలబెట్టి పిడి లాగితే తలుపు రాలేదు. భుజంతో ఎత్తాడు, మోకాలితో పొడిచాడు, మళ్ళీ పొడిచాడు. తలుపు ఊడినంత పనై తెరుచుకుంది.

ఆడ్రీ తలుపు పక్కనే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. బూడిదరంగు లంగా ముందువైపు తడిసి కాళ్ళకు అంటుకుపోయింది. కాళ్ళ కింద చాప తడిగా ఉంది. లోపలి పిడిని తిప్పీ తిప్పీ ఆమె ఎడమ అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. కిటికీ తెరవాలంటే ఒక చేత్తో మీట నొక్కి ఇంకో చేత్తో తిప్పాలి. ఆమెకున్నది ఒక్క చెయ్యి.

కారవాన్‌లో మరుగుదొడ్డి లేక కాదు. ఉంది. అయితే దాని డబ్బా ఖాళీ చేయడం హెడ్లీకి అసహ్యం. మైదానం చివర అందరికీ కట్టిన మరుగుదొడ్లు, స్నానాలగది ఉండగా ఇదెందుకని కొన్న రోజే తీర్మానించాడు. అప్పటి నుంచీ అందులో గుడారం కమ్మీలు, మడతకుర్చీలు, బురద బూట్లు పేర్చి ఉంటాయి. చాలామంది అలాగే చేస్తారు, గొప్పగా చెప్పుకుంటారు కూడా. ఆడ్రీ ఆ కమ్మీలు ఒక చేత్తో లాగబోయినట్టుంది, రెండు కిందపడి ఉన్నాయి.

"అయ్యో బంగారం" అన్నాడు హెడ్లీ.

ఆమె ఏడవలేదు. అతని చెయ్యి పట్టుకోకుండా మెట్టు దిగింది. మాల్కమ్ భార్య షర్లీ చూసి, ఒక్క ప్రశ్నైనా వేయకుండా తువ్వాలు కప్పి స్నానాలగదికి తీసుకెళ్ళింది. ఒళ్ళు కడుక్కుని, షర్లీ ఇచ్చిన బట్టలు కట్టుకుని వచ్చిన ఆడ్రీ కారవాన్ వైపు పోలేదు. కారు ముందుసీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. ఇంటికి పోదామని దానర్థం. హెడ్లీ కారు తలుపు దగ్గర వంగి చాలాసేపు బతిమాలాడు. ఆమె ఎదురుగా అద్దంలోంచి సముద్రాన్ని చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడిలా వెళ్ళిపోతే మళ్ళీ రావడమనేది ఉండదు. కారవాన్‌ను ఎవరో కొనుక్కుపోతారు, ఆమె కిటికీ పక్క కుర్చీలోకి వెళ్ళిపోతుంది, అంతే. హెడ్లీకి భయమేసింది. ఇంతటి భయం ఆసుపత్రిలో కూడా వేయలేదు.

"సాయంత్రం దాకా ఆగు" అన్నాడు. "నేను దాన్ని బాగుచేస్తాను. అప్పటికీ నువ్వు వద్దంటే వెళ్ళిపోదాం. ఒట్టు."

ఆమె బెల్టు విప్పకుండానే కూర్చుంది.

ముందు నాలుగు కాళ్ళూ దించాడు. కింద పల్లంగా ఉన్నవైపు చక్రం కింద చెక్క పెట్టి, కాళ్ళను నేలకు ఆనీ ఆననట్టు వదిలాడు. నీటిబుడగ ఒక పక్కకు పోయింది, పోనిమ్మన్నాడు. తలుపు అప్పుడే సగం వదులైంది. మాల్కమ్ కిందటేడు చెప్పిన మాట నిజమని తేలేసరికి ఒళ్ళు మండింది. ఆ మంట ఎవరి మీదో చెప్పనక్కర్లేదు. తర్వాత మరలు విప్పి తాళాన్ని బయటికి తీశాడు. లోపలంతా నల్లటి జిగురు, ఇసుక. బడిలో ఎవరైనా తాళాన్ని ఇలా ఉంచితే హెడ్లీ వాడి తాట తీసేవాడు. కిరోసిన్‌లో నానబెట్టి పాత పళ్ళబ్రష్షుతో ఒక్కొక్క ముక్కా తోమాడు. నూనె డబ్బా జోలికి పోలేదు. పెన్సిలు ముల్లు పొడి చేసి, ఇసుక అంటని ఆ నల్లటి పొడి లోపల చల్లాడు. అరిగిన గడియ కొనను ఆకురాయితో రుద్దాడు. చౌకట్టుకు ఉన్న, గడియ దూరే ఇనుప పలకను కొంచెం కిందికి జరిపి బిగించాడు.

అతను పనిచేస్తున్నంతసేపూ మైదానంలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చిపోయారు. సంగతి అందరికీ తెలిసిపోయింది, ఎవరూ దాని మాట ఎత్తలేదు. షర్లీ నిమ్మకాయ కేకు తెచ్చి మెట్టు మీద పెట్టింది. పొద్దున కుక్కను తిప్పినావిడ వచ్చి సాయంత్రం వాన పడేలా ఉందంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. హెడ్లీ అందరికీ "బానే ఉంది, బానే ఉంది" అంటూ మర తిప్పుతూ ఉన్నాడు.

తలుపు బిగించాక వేలితో లాగినా వచ్చింది. వెన్నలా కదిలింది. ఆ తర్వాత మరుగుదొడ్డిలోని కమ్మీలు, కుర్చీలు, బూట్లు బయటి గడ్డి మీద పారేశాడు. కడిగి, మందు నీళ్ళు పోసి, కొత్త కాగితపు చుట్ట పెట్టాడు. చేతులు కడుక్కుని కారు దగ్గరికి వెళ్ళాడు.

"ఒక్కసారి వచ్చి చూడు. నచ్చకపోతే వద్దు."

ఆమె చాలాసేపటికి బెల్టు తీసింది. చేతికర్ర ఆనించుకుంటూ వచ్చి తలుపును మూసింది, తీసింది. లోపలికి తల పెట్టి మరుగుదొడ్డి వైపు చూసింది. అప్పుడు మెట్టెక్కింది. హెడ్లీ ప్రాణం లేచొచ్చింది. వెనకే అతనూ ఎక్కబోయాడు.

ఆడ్రీ వెనక్కి తిరిగి అతని మొహం మీదే తలుపు లాగేసింది. లోపల గడియ తిరిగింది. పెద్ద చప్పుడు కూడా లేదు, అంత బాగా చేశాడు మరి.

పరీక్షిస్తోంది కాబోలనుకుని నవ్వుతూ నిలబడ్డాడు. కాసేపాగి తలుపు మీద కొట్టాడు. "బాగుంది కదూ? ఇక తియ్యి" అన్నాడు. మళ్ళీ కొట్టాడు. కిటికీలోంచి చూస్తే ఆమె ఇటు వీపు పెట్టి బల్ల దగ్గర కూర్చుని ఉంది. వాన మొదలైంది. తాళంచెవి ప్యాంటు జేబులో తొడకు గుచ్చుకుంటూనే ఉంది. హెడ్లీ దాన్ని ముట్టుకోలేదు. తలుపు పక్కన, ఆమె పొద్దున నిలబడిన చోటికి ఇవతలి వైపున, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కోటు లోపలుంది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

మాల్కమ్ పీపా దొర్లించుకుంటూ అటుగా వచ్చాడు. "మళ్ళీ పట్టేసిందా పెద్దాయనా?"

బానే ఉంది అన్న మాట హెడ్లీ నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదు. తాళం బాగైంది. ఆమె తియ్యట్లేదు."

"తాళంచెవి లోపలుండిపోయిందా?"

"నా జేబులోనే ఉంది."

మాల్కమ్ తలుపు వంకా, తడిసిన మనిషి వంకా చూశాడు. వాన గురించి ఏదో అనబోయి ఆగిపోయాడు.

"సాయానికి పిలుస్తోందని మేమెవరం అనుకోలేదు హెడ్లీ" అన్నాడు చివరికి, నేల చూస్తూ. "ఊరికే పలకరిస్తోందనుకున్నాం. మేం బయటివాళ్ళం, మాకేం తెలుస్తుంది."

"నేను బయటివాణ్ణి కాదుగా" అన్నాడు హెడ్లీ. "నాకూ చెయ్యి ఊపింది మాల్కమ్. నేను రెండు చేతులూ ఊపి, మీతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నాను."

మాల్కమ్ పీపా అక్కడే వదిలేసి వచ్చి, అతని పక్కన గోడకు ఆనుకుని వానలో నిలబడ్డాడు.