అత్తమ్మ వంతు

చెంబెడు నీళ్లు పట్టుకుని గేటు బయట నిలబడ్డ మా మేనత్త ముందు నుంచి ఆ కారు ఆగకుండా వెళ్లిపోయింది. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెనక సీట్లో మా చర్చి సభలకు వచ్చిన ప్రసంగీకుడు, ఆయనకు అటూ ఇటూ మా సంఘ పెద్ద, కోశాధికారి. అత్తమ్మ మడతలు విడని కొత్త చీర కట్టుకుంది. కారు దగ్గరవుతుంటే ఒక అడుగు ముందుకు వేసింది. వేగం తగ్గకపోయేసరికి అదే అడుగు వెనక్కి వేసింది. "ఎవరండీ ఆమె? నీళ్లు పట్టుకుని నిలబడ్డారు" అని అతిథి అడిగారు. "మన సంఘం ఆవిడేనండీ. మిమ్మల్ని చూద్దామని నిలబడ్డట్టున్నారు" అన్నాడు కోశాధికారి. సంఘ పెద్ద రెండో వైపు కిటికీలోంచి మేడ్చల్ బస్ డిపో గోడను మహా శ్రద్ధగా చూడసాగారు. నేనేం చూశానో గుర్తులేదు.

ఇరవై ఏళ్లు దాటిన ఈ సంగతిని పోయిన వారం ఒక ఫోన్ సందేశం మళ్లీ పైకి లాగింది. మా సంఘానికి కొత్తగా వచ్చిన కార్యదర్శి రెండు పెద్ద హోటళ్ల ఫొటోలు పంపించి, "అంకుల్, సభల గెస్టుకు రెండిట్ల ఏది బుక్ చేయమంటరు? మీకు సిటీ హోటళ్లన్నీ ఎరుకే గద" అని అడిగాడు. అప్పుడు కూడా నన్ను అడిగింది సరిగ్గా ఇదే మాట.

మేడ్చల్‌లో మాది చిన్న చర్చి. ఏటా ఎండాకాలంలో మూడు రోజులు సభలు పెడతాం. బయటి నుంచి వచ్చే ప్రసంగీకుడు ఎవరో ఒక విశ్వాసి ఇంట్లో దిగాలన్నది తాతల నాటి పద్ధతి. ఇళ్లకు ఒక వరుస ఉండేది. అది ఎక్కడా రాసి ఉండదు, అందరికీ నోటికి వచ్చు. సభల చివరి రోజున సంఘ పెద్ద లేచి, వచ్చే ఏడు వంతు ఫలానా ఇంటిదని ప్రకటిస్తారు. ఇచ్చిన వంతు వెనక్కి తీసుకోవాలన్నా ఆయన నోటితోనే తీసుకోవాలి. ఇక ఆ ఇంటికి ఏడాదంతా ఒకటే హడావిడి. గోడలకు సున్నం పడుతుంది, చుట్టాల ఇళ్ల నుంచి మంచి గిన్నెలు బదులు వస్తాయి, అతిథి ముందు ఏడుపు ముఖాలు ఉండకూడదని పిల్లలకు తన్నులు కూడా తగ్గుతాయి. ఆరాధన అయ్యాక అతిథిని నడిపించుకుంటూ ఆ ఇంటికి తీసుకుపోతే, గేటు దగ్గర ఇంటావిడ కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు అందిస్తుంది. ఆ నీళ్లు అందించడమే అసలు గౌరవం, తర్వాత పెట్టే భోజనం దాని తర్వాతే.

మా మేనత్త బడి హాస్టల్లో వంట చేసేది. భర్త పోయినా ఎవరి మీదా ఆధారపడలేదు. ఒకసారి వంతు ఆమె దాకా వచ్చింది కానీ, ఉన్నది ఒక్కటే గది కావడంతో తానే పక్కింటికి వదిలేసింది. ఆ తర్వాత ఏ ఇంటికి అతిథి వచ్చినా వండటానికి అత్తమ్మనే పిలిచేవారు. అంతమంది పెద్దలు ఆమె చేతి వంట తిన్నారు గానీ, ఆమె కప్పు కింద కూర్చుని ఎవరూ తినలేదు. ఉద్యోగం నుంచి దిగిపోయాక మొదటి పని రెండో గది వేయించడం. వరుస తిరిగి వచ్చింది, సంఘ పెద్ద ఆమె పేరు ప్రకటించారు. రాబోయే ప్రసంగీకుడికి మోకాళ్ల నొప్పులని ఎవరో చెబితే, ఊళ్లో చాలామంది ఇంకా ఎరగని కుర్చీ మరుగుదొడ్డి కట్టించింది. స్నానానికి ఎత్తు పీట చేయించింది. సభలకు రెండు రోజుల ముందు శామీర్‌పేట చెరువు నుంచి ప్రాణంతో ఉన్న కొర్రమీను తెప్పించి గోలెంలో వదిలింది.

అప్పటికి హైవే పక్కన కాలనీలు లేస్తున్నాయి. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఉద్యోగుల కుటుంబాలు మా సంఘంలో కలిశాయి. కోశాధికారి వాళ్లలో ఒకడు, మంచివాడు, చేతికి ఎముక లేనివాడు. "ఇంకా ఇళ్లలోనే దింపుతారాండీ? సిటీ సంఘాలన్నీ హోటల్లో పెడుతున్నాయి. అంత పెద్ద వక్త మనల్ని గురించి ఏమనుకుంటారు చెప్పండి? ఆ ఖర్చేదో నేను పెట్టుకుంటాను" అన్నాడు. మేం పల్లెటూరి వాళ్లమన్న బెరుకు మాకూ లోపల ఉంది. సంఘ పెద్ద కాసేపు గడ్డం నిమురుకుని నా వైపు తిరిగారు. "నువ్వు పేపరోనివి. హోటళ్లన్నీ ఎరుకే గద?"

పేపరు ఉద్యోగంలో నేను నగరంలోని పెద్ద హోటళ్లన్నిటికీ వెళ్లిన మాట నిజమే. ఒక్కోదానిలో నాకు తెలిసినవి మూడు: విలేకరుల సమావేశం జరిగే హాలు, భోజనాల బల్ల, స్కూటరు పెట్టే చోటు. గది ఎలా ఉంటుందో ఏనాడూ చూడలేదు. ఆ మాట మాత్రం చెప్పలేదు. తెలియదనడం మా వృత్తిలో అలవాటు లేదు.

ముగ్గురం రెండు హోటళ్లు చూసి వచ్చాం. చెరువు పక్క హోటల్లో పాలరాయి మీద మా ముఖాలు మాకే కనిపించాయి. అంతా బాగానే ఉంది గానీ లిఫ్టుకు వెళ్లే దారి బారు ముందు నుంచి. "దైవజనుడు పొద్దుమాపు గీ దుకాణం ముందలకెల్లి పోవాల్నా?" అని సంఘ పెద్ద అక్కడికక్కడే నిలబడిపోయారు. కొండ మీది హోటల్లో బారు ఎక్కడో మూలన ఉంది. కానీ గదిలో తెర తీస్తే కింద ఈతకొలను, అందులో ఆడా మగా. ఆ తెర ఆయనే గబుక్కున మూసేశారు. "పోనీ, తెర వేసే ఉంచమందామండీ" అన్నాడు కోశాధికారి. "తెర ఉన్నదే తీసెటందుకు గదయ్యా!" అన్నారు పెద్దాయన. బారా, ఈతకొలనా? వారం రోజులు ఇదే చర్చ. చివరికి తీర్పు నాది: కొండ మీది హోటల్లోనే, ఈతకొలను కనిపించని వెనక వైపు గది. అక్కడి డబల్ కా మీఠా అంటే నాకున్న మోజు కూడా ఆ తీర్పులో ఉందేమో.

ఆ వారమంతా మా ముగ్గురి నోటా అత్తమ్మ పేరు రాలేదు. వంతు ఇచ్చింది పెద్దాయన కనుక ఆయనే చెబుతారని నేను అనుకున్నాను. మేనల్లుణ్ని కనుక నేను చెప్పి ఉంటానని ఆయన అనుకున్నారు. ఇంటి వాళ్లకు విడిగా చెప్పాలన్న సంగతే కోశాధికారికి తెలియదు. సభలు మొదలైన ఆదివారం అత్తమ్మ నీళ్లు కాచడానికని ఆఖరి ప్రార్థనకు ముందే ఇంటికి వెళ్లిపోయింది. చర్చి ముందు నిలబెట్టిన కారును ఆమె చూడనే లేదు.

సాయంత్రం సభకు అతిథి వేళకు రాలేదు. కొంపల్లి దగ్గర లారీల వెనక చిక్కుకున్నారు. పాటల బృందం వచ్చిన పాటలన్నీ పాడేసి, మండు వేసవిలో క్రిస్మస్ పాటలు ఎత్తుకుంది. ఆయన కుంటుతూ దిగారు. గది సౌకర్యంగా ఉందా అని అడిగాను. "బ్రహ్మాండంగా ఉందండీ. కిటికీ తీస్తే గోడ. స్నానం చేయాలంటే తొట్టి గట్టు దాటి దిగాలి, ఈ మోకాలు ఒప్పుకోలేదు. మాట్లాడటానికి మనిషి లేడు కదా, మధ్యాహ్నమంతా నాతో నేనే కబుర్లు చెప్పుకున్నాను" అని నవ్వారు. బారునీ ఈతకొలనునీ అంత పరీక్షగా చూసిన మేము స్నానాల గది తలుపు తెరవలేదు.

మర్నాడు పుచ్చకాయ పట్టుకుని అత్తమ్మ ఇంటికి వెళ్లాను. గేటు దగ్గర మిఠాయి డబ్బాతో కోశాధికారి ఎదురయ్యాడు. ఇద్దరం ఒకరినొకరు చూడనట్టు లోపలికి పోతే, అప్పటికే సంఘ పెద్ద తల వంచుకుని బల్ల మీద కూర్చుని ఉన్నారు.

"ఏంది, పెండ్లికొచ్చినట్టు ఒక్కొక్కరు దిగుతున్రు?" అంది అత్తమ్మ. మమ్మల్ని కూర్చోమని, "గా పెద్దమనిషి మోకాళ్లు ఎట్లున్నయ్? హోటల్ల మంచిగున్నదా ఆయనకు?" అని అడిగింది. బాగానే ఉందన్నాను. ఆమె నన్ను వదిలి సంఘ పెద్ద వైపు తిరిగింది.

"వంతు ఇచ్చినోనివి నువ్వు. తీసుకుంటే గూడ నీ నోటితోనే తీసుకోవాలె గదనే. నిన్ననే చెప్తే నేను సల్లగ ఇంట్ల కూసుందును. గేటు కాడ నిలవడకపోదును."

"తీసుకోలే అక్కా" అన్నారాయన. "వంతు నీదే. ఇగ ముందు వచ్చే మనిషి నీ ఇంటికే."

కోశాధికారి చేతులు జోడించాడు. "నాకు తెలియదమ్మా" అన్నాడు. "తెల్వదు తియ్, నువ్వు కొత్తోనివి" అంది అత్తమ్మ. మళ్లీ నా వైపు చూస్తుందేమోనని నేను గోలెంలోకి చూశాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. అప్పుడే కాదు, ఇప్పటిదాకా అనలేదు. భోజనం పెట్టకుండా పంపలేదు. పప్పు, మామిడికాయ తొక్కు వడ్డించింది. గోలెంలో కొర్రమీను తిరుగుతూనే ఉంది. కోశాధికారి పొరపాటున అటు చూస్తే, "గా చేప మీకు గాదు" అంది.

మరుసటి ఏడు వచ్చిన ప్రసంగీకుడు హోటల్ ఏదని తానే ముందుగా అడిగారు. ఆ పైఏడు మరొకరు. సంఘ పెద్ద ప్రతిసారీ చివరి రోజున లేచి, "వంతు మా అక్కదే" అని ప్రకటించేవారు. సభ తల ఊపేది. మేం హోటల్ చూసేవాళ్లం. ఆయన పోయారు. కోశాధికారి బదిలీ మీద వెళ్లిపోయాడు. కొత్త పెద్దలకు వంతుల సంగతే తెలియదు. ఆ చేపను ఏం చేశావని అత్తమ్మను ఒకసారి అడగబోయి మానేశాను.

నిన్న అటు వెళ్లాను. అత్తమ్మకు చూపు తగ్గింది, పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది. రెండో గదిలోని పరుపు గోడ మీద ఎండుతోంది. సభలు దగ్గర పడ్డప్పుడల్లా దాన్ని ఎండలో వేయిస్తుంది. "ఈయేడు వచ్చేటాయన ఏ ఊరాయన బిడ్డా?" అని అడిగింది. చెప్పాను. మోకాళ్లు ఎట్లున్నాయో కనుక్కోమంది.

కార్యదర్శి పంపిన రెండు ఫొటోలు ఫోన్‌లో అలాగే ఉన్నాయి. జవాబుగా అత్తమ్మ ఇంటి సంగతి రాయబోతే, ఆ పిల్లవాడికి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. హైవే వెడల్పయింది, డిపో గోడకు ఎన్నో రంగులు మారాయి, మా సంఘానికి ముగ్గురు పెద్దలు మారారు. ఇంత కాలం గడిచినా ఆ వంతును వెనక్కి తీసుకుంటున్నామని ఎవరూ ఆమెకు చెప్పలేదు. మా పద్ధతి ప్రకారం అది ఇప్పటికీ అత్తమ్మదే.