స్కానరు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో కంప్యూటరు ఉన్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాళ్లం. (లోపల దుమ్ముకేం తక్కువ లేదు, అయినా చెప్పులు మాత్రం బయటే.) డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో నిజామాబాదులో నాకు దొరికిన మొదటి ఉద్యోగం అలాంటి గదిలోనే. ఊళ్లోని ఒక చిన్న మ్యూజియం, హైదరాబాదు కాలేజీ ఒకటి, బోధన్ చర్చి పెద్దలు, ఏర్గట్ల వైపు పసుపు రైతులు కలిసి పాత ఫోటోలన్నీ కంప్యూటర్లో దాచిపెడదామనుకున్నారు. ఫోటోలు వాళ్లవి, గది మ్యూజియానిది, స్కానరు కాలేజీది, గర్వం మాత్రం పూర్తిగా నాది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్కానరు మూత ఎత్తుతూ, విమానం నడుపుతున్నట్టు ముఖం పెట్టేవాణ్ని.

అన్నిటికంటే కష్టంగా వచ్చింది బోధన్ చర్చికి వెళ్లే ఒక అవ్వ ఫోటోల పెట్టె. ఆమెది మెథడిస్టు కుటుంబం. వాళ్లమ్మది మిగిలిన ఒకే ఒక్క ఫోటో అందులో ఉంది. "మా అమ్మకేమన్న అయితె పెట్టె తీస్కొని పోత. ఇగ మా చర్చిల ఎవ్వలియ్యరు" అని ముందే చెప్పేసింది. చర్చివాళ్లు తప్పుకుంటే పని ఆగిపోతుంది, నేను మళ్లీ మా బాపు ఎరువుల దుకాణంలో కూర్చోవాలి.

ఆ పెట్టె తెరవడానికి కాస్త ముందే ఏర్గట్ల అక్క ఒకామె లామినేషన్ చేయించిన వాళ్ల తాత ఫోటో తెచ్చింది. నా చేతికిచ్చేముందు సంచిలోంచి కుంకుమ భరిణె తీసి, తడివేలితో తాత నుదుట ఇంత బొట్టు పెట్టింది. "తాత గింతమంది నడుమకు వోతుండు, ఉత్త మొఖంతోని ఎట్ల పంపుత?" అంది. నిజమే కదా అనుకుని తాతను బోర్లా పడుకోబెట్టి స్కాన్ చేశాను. అదే ఊపులో అవ్వ పెట్టె మొత్తం లాగించేశాను. తెరమీద గోరంత బొమ్మలు వచ్చేవి, వాటినెవరు చూడొచ్చారు!

కొన్నాళ్లకు అందరినీ పిలిచి, గోడకు తెల్లదుప్పటి కట్టి, ఆ ఫోటోలు చూపించాం. తాత బొట్టుతో వచ్చాడు. అక్క చేతులు జోడించింది. తర్వాత అవ్వ వాళ్లమ్మ వచ్చింది. నలుపు తెలుపు ఫోటోలో, సరిగ్గా నుదుటి నడుమ, ఎర్రగా బొట్టు! తాత కుంకుమ స్కానరు అద్దానికి అంటుకుందని అప్పుడు వెలిగింది నాకు. అవ్వ లేచి నిలబడింది. "మా అమ్మకు బొట్టెవ్వలు వెట్టిండ్రు?" నేను కంప్యూటరు మీదికి వంగాను. "నా పెట్టె ఏది? ఇటు తే" అంది. కంగారులో మీట నొక్కితే తర్వాతి ఫోటో పడింది. అదీ అవ్వ పెట్టెలోదే, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కట్టిన కాలంనాటి ఇంజనీరు దొర. పెద్ద టోపీ, మెలిదిప్పిన మీసం, ముక్కు కొసన బొట్టు.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. అవ్వ మాత్రం నవ్వలేక కుర్చీలో కూలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మా అమ్మకైతె జాగల వెట్టినవు గని, దొరకేంది బిడ్డా, ముక్కుకు వెట్టినవు?" అంది. ఏర్గట్ల అక్క సిగ్గుపడుతూ కొంగు తడిపి, "నా బొట్టే అవ్వా, ఏమనుకోకు" అంటూ స్కానరు వైపు నడిచింది. అవ్వ కూడా వెంట వెళ్లింది. "నువ్వు తుడువు, నేను సూస్త. ముందుగాల మా అమ్మను తియ్యుండ్రి. గీసారి అద్దం మీద నేనే వెడత." పెట్టె మా దగ్గరే ఉండిపోయింది. తర్వాత చర్చి నుంచి ఇంకా పెట్టెలొచ్చాయి.

దొర ఫోటో కూడా మళ్లీ తీశాను. పాతది చెరిపేయమన్నారు, చెరపలేదు. అది తెరిచినప్పుడల్లా ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. మొన్నామధ్య అవ్వ పోయాక మనవరాలు అవ్వ ఫోటో తెచ్చింది, అవ్వ వాళ్లమ్మ ఫోటో పక్కనే ఉంచమని. అద్దం శుభ్రంగా తుడిచాను. తుడిచాక కూడా వంగి చూశాను. ఎక్కడా ఎర్రగా లేదు. ఎందుకో కాస్త దిగులేసింది.