అంట లేని వాక్యం

కొత్త ఫ్లెక్సీకి ఒక వాసన ఉంటుంది. కిరోసిన్‌కూ కాలిన ప్లాస్టిక్‌కూ మధ్య ఎక్కడో ఉండే వాసన. ఎండ తగిలితే ఇంకా ఘాటెక్కుతుంది. మొన్న పొద్దున పాల ప్యాకెట్ కోసం లాల్‌దర్వాజాలోని మా గల్లీ మలుపు దాకా పోతే ఆ వాసన ముక్కుకు తగిలింది. తలెత్తి చూశాను. మలుపులోని మూడంతస్తుల కాంప్లెక్స్ కింద, చాలాకాలంగా మూసి ఉన్న షట్టర్ మీద నిలువెత్తు ఎర్ర ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద 'త్వరలో' అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ లేదు. పేరు లేదు, బొమ్మ లేదు, ఫోన్ నంబర్ లేదు. పుట్టినప్పటి నుంచి ఈ గల్లీలోనే ఉన్నాను. తన పేరు చెప్పుకోని బోర్డును నేను నమ్మను.

పాల బూత్ నడిపే నర్సింగ్ కూడా నమ్మలేదు. ప్యాకెట్ నా సంచిలో వేస్తూ, "వైన్ షాపంట బాపు," అన్నాడు. "మీదనేమో పోరగాండ్ల ఇస్కూలు, కిందనేమో మందు. నువ్వు ఒక దరఖాస్తు రాయాలె. జెర ఘాటుగ రాయి. సంతకాలు నేను పెట్టిస్త."

"ఎవరు చెప్పిండ్రు?" అని అడిగాను.

"అందరు అంటుండ్రు."

రేపు చెప్తానని ఇంటికి వచ్చి డైరీ తెరిచాను. నా డైరీలో ప్రతి పేజీకీ నడుమ నిలువుగా ఒక గీత ఉంటుంది. గీతకు ఎడమ వైపు చూసినవి, కుడి వైపు విన్నవి. ఎడమ వైపు 'ఎర్ర ఫ్లెక్సీ, త్వరలో అని' రాశాను. కుడి వైపు 'వైన్ షాపు అట, చెప్పినది నర్సింగ్' అని రాశాను. ఆ గీత గీయడం నాకు నేర్పినవారు సులోచన టీచర్. ఆమెను మీలో ఎవరూ చూసి ఉండరు. ఇప్పుడు ఆ కాంప్లెక్స్ ఉన్నచోటే ఒకప్పుడు ఆమె బడి ఉండేది.

అది పాత పెంకుటిల్లు. ముందు నాలుగు గదులు, వెనుక వాడకుండా మూసి పెట్టిన రెండు గదులు. ఇల్లు కిరాయిది, ఓనర్ వేరే బస్తీలో ఉండేవాడు. ఐదో తరగతి దాకా తెలుగు మీడియం. టీచర్ అక్కడికి కొత్తగా వచ్చినప్పుడు నాకు తొమ్మిదేండ్లు. నూలు చీర, చిన్న బొట్టు, కొప్పులో గుచ్చిన ఎర్ర పెన్సిల్. దిద్దడానికి పెన్సిల్ తీసినప్పుడల్లా కొప్పు కొంచెం వదులయ్యేది. సాయంత్రం బడి విడిచే వేళకు అది జడగా మారేది. పొద్దున ప్రార్థన కాగానే మేము నిన్నటి రోజు గురించి ఐదు వాక్యాలు రాయాలి. ఒకరోజు నేను 'శాలిబండ కాడ బస్సు గోడకు గుద్దిందంట' అని రాశాను. టీచర్ ఆ వాక్యం దగ్గర ఆగారు.

"నువ్వు చూసినవా విఠల్?"

"లేదు టీచర్. మా అమ్మ చెప్పింది."

"అమ్మ చూసిందా?"

"అమ్మకు పాలామె చెప్పిందంట."

"మళ్ళ వచ్చిండు," అన్నారామె తరగతి వైపు తిరిగి. "ఈ అంటయ్య ఎవరో నాకు అర్థమైతలేదు. ఎవరి నోట్‌బుక్కు తీసినా అండ్లనే ఉంటడు. బస్సులు గుద్దిస్తడు, దయ్యాలను చూస్తడు. ఏ గల్లీల ఉంటడు విఠల్? ఒకసారి తోలుకరా, మాట్లాడుత."

తరగతంతా నవ్వింది. నేను ఏడుపు మొహం పెట్టి ఆ మాటను కొట్టేయబోతే ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. "కొట్టెయ్యకు. అంట రాసుడు తప్పు కాదు. నేను చూడలే, ఎవరో చెప్పిండ్రు అని ఒప్పుకున్నట్టు. కాకపోతే పక్కన చెప్పినోళ్ల పేరు రాయి. పేరు లేకపోతేనే అంటయ్యకు బలుపు." ఆ రోజు నా నోట్‌బుక్కులో మొదటి గీత ఆమే గీశారు. నేను డైరీ రాయడం అప్పటి నుంచి అని లెక్క.

పెద్దయ్యాక ఒక సర్కారు దఫ్తర్‌లో గుమస్తాగా చేరాను. అక్కడ ఇంకో చదువు మొదలైంది. నేను రాసిన మొదటి నోట్‌లో 'కాలువ పూడిపోయిందట' అని ఉంటే మా సూపరింటెండెంట్ ఆ కాగితాన్ని నా ముందుకు తోశాడు. "ఇది దఫ్తర్ భాష కాదయ్యా. పూడితే పూడిందని రాయి, లేకుంటే లేదని రాయి. అట ఏంది, బజార్ల ముచ్చట్ల లెక్క?" నేను నేర్చుకున్నాను. ముప్పై ఏండ్లకు పైగా గట్టి వాక్యాలు రాశాను. పగలు దఫ్తర్‌లో అట లేకుండా, సాయంత్రం డైరీలో అటతో. ఆ రెండు చదువులూ ఒకనాడు ఎదురుపడతాయని నేను అనుకోలేదు.

ఎదురుపడి ఇప్పటికి ఇరవై ఏండ్లు దాటింది. అప్పుడు మా గల్లీ ఒక్కసారిగా మారడం మొదలైంది. గాజుల దుకాణం పోయి సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. దర్జీ తన మిషన్లు అమ్మేసుకుంటే ఆ గదిలో జిరాక్సు పెట్టారు. పొద్దున ఏడున్నరకు మలుపులో పసుపుపచ్చ వ్యాన్లు ఆగేవి. టైలు కట్టుకున్న పిల్లలు ఎక్కి ఇంగ్లీష్ బడులకు పోయేవారు. అప్పటికి ప్రధానోపాధ్యాయురాలిగా బడిని నడిపేది సులోచన టీచరే. ఆ బడిలో బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. చేతిలో ఫైలు పట్టుకుని కొత్త మనిషి గల్లీలోకి వస్తే చాలు, అతను తిరిగి పోయేదాకా ఒక్కో కిటికీ నుంచి ఒక్కో జత కళ్ళు అతని వెంట నడిచేవి. నా కళ్ళు కూడా.

నర్సింగ్ వాళ్ళ నాయన యాదగిరి అప్పుడు బర్లను సాకేవాడు. బడి వెనక గోడకు ఆనించి అతని కొట్టం ఉండేది. ఆ ఇల్లు చేతులు మారితే కొట్టం లేచిపోవడం ఖాయమని అతనికి తెలుసు. ఒక సాయంత్రం పాలు పోయడానికి వచ్చి నా గడపలో కూర్చున్నాడు.

"విఠలన్నా, ఒకడు టేపు పట్టుకొని బడి వెనక రూములు కొలుస్తున్నడు. టీచరమ్మ పక్కన నిలబడి రాసుకుంటున్నది. ఏంది కత అని అడిగితే, అయినంక చెప్తలే యాదగిరీ అన్నది. ఏమైనంక? షోరూం వస్తదంట గాడ. ఓనర్‌తోని మాట్లాడుకొని బడి ఎత్తేస్తున్నదంట."

డైరీలో కుడి వైపు రాసుకున్నాను. నాలుగు రోజుల్లో ఆ మాట నాకు ఇంకా ఇద్దరి నోట వినిపించింది. వెనక గదులకు కొత్త తాళం పడిందని ఒకరు, టీచర్ ఓనర్ ఇంటి దగ్గర ఆటో దిగిందని ఒకరు. ఆదివారం కొట్టం ముందే అందరమూ కూడాము. సర్కారు దవాఖానలో ఆయాగా పనిచేసే బాలమణి, "తెలుగు బడి పోతే పోనీ, టై కట్టే బడి రానీ. మా పిల్లలు వ్యాన్ ఎక్కే బాధ తప్పుతది," అంది. "బడి కాదు వదినె, బట్టల షోరూం," అన్నాడు యాదగిరి. "బండ్లు పెట్ట జాగ ఉంటదా గల్లీల?" అని ఇంకెవరో. ఎవరికి ఏం కావాలో ఎవరికీ తెలియదు గానీ, మనకు తెలియకుండా ఏదో జరుగుతోందన్న దానిలో మాత్రం అందరిదీ ఒకటే మాట. విద్యాశాఖ దఫ్తర్‌కు అర్జీ పెట్టాలని తీర్మానించి, చేతిరాత బాగుంటుందని నాకు అప్పగించారు.

నేను రాశాను. 'ప్రధానోపాధ్యాయురాలు పాఠశాలను మూసివేసి, స్థలాన్ని ఒక వ్యాపార సంస్థకు అప్పగిస్తున్నారట' అని రాసి, చదివి వినిపించాను.

"అట ఎందుకన్నా?" అన్నాడు యాదగిరి. "మనకే నమ్మకం లేనట్టుంది."

నాకూ అలాగే అనిపించింది. అది నిజం, ఒప్పుకోవాలి. కాగితం మీద ఆ అక్షరం బజారు బట్టలతో దఫ్తర్‌కు పోయినట్టుంది. కొత్త కాగితం తీసుకుని 'అప్పగిస్తున్నారు' అని రాసి చుక్క పెట్టాను. వాక్యం గట్టిగా వచ్చింది. అందరూ సంతకాలు పెట్టారు. టీచర్ ఇల్లు నా ఇంటికి నాలుగు ఇండ్ల అవతల. నేను పోయి అడగలేదు.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమే వచ్చారు. అప్పటికి జుట్టు సగం నెరిసింది, కొప్పులో పెన్సిల్ మాత్రం అలాగే ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చేతిలో విద్యాశాఖ వాళ్ళు ఇచ్చిన మా అర్జీ నకలు ఉంది.

"కింద నీ సంతకం చూడకముందే పట్టుకున్న. నీ 'ళ'కు ఇంకా తోక ఎక్కువనే విఠల్," అన్నారు. కాగితాన్ని నా డైరీ మీద పరిచారు. "ఇది చూసినవా?"

"లేదు టీచర్."

"మరి అంటయ్య ఏడి?"

ఆమె కొప్పులోంచి పెన్సిల్ తీసి, 'అప్పగిస్తున్నారు'కూ చుక్కకూ నడుమ కింద ఒక హంసపాదం పెట్టారు. రాసేటప్పుడు మాట మరిచిపోతే, అది ఇక్కడ చేరాలని కింద పెట్టే గుర్తు అది. గుర్తు పెట్టి, పైన మాట రాయకుండానే పెన్సిల్ మళ్ళీ కొప్పులో గుచ్చుకున్నారు. అప్పుడు చెప్పారు. టేపుతో వచ్చినవాడు వడ్రంగి. వెనక రెండు గదులకు తలుపులు, కిటికీలు బాగుచేయించి, ఇంగ్లీష్ మీడియం ఒకటో తరగతి, రెండో తరగతి పెడదామని ఆమె ఓనర్‌ను ఒప్పించుకున్నారు. పిల్లలు వ్యాన్లు ఎక్కి పోకుండా ఉంటారని. పర్మిషన్‌కు దరఖాస్తు పెట్టుకున్నారు.

"జీవితమంత తెలుగు చెప్పి, ఇప్పుడు ఇంగ్లీష్ పెడుతున్ననని చెప్పుకునేందుకు సిగ్గయింది. పర్మిషన్ వచ్చినంక చెప్దామనుకున్న," అన్నారు. "ఇప్పుడు నా దరఖాస్తు, మీ అర్జీ ఒకే ఫైల్ల ఉన్నయి. గుమస్తావు కదా. ఫైలు కదులుతదా?"

కదలదని నాకు తెలుసు. ఫిర్యాదు ఉన్న ఫైలును ఎవరూ ముట్టరు. మేము అందరమూ పోయి రెండో అర్జీ పెట్టుకున్నాము, మొదటిది పొరపాటని. అది ఇంకో కాగితంగా అదే ఫైలులో చేరింది. విచారణకని ఓనర్‌ను పిలిచారు. తన ఇల్లు అమ్మకానికి ఉందని బస్తీ అంతా అనుకుంటోందన్న సంగతి అతనికి అక్కడే తెలిసింది. అప్పటిదాకా అతనికి ఆ ఆలోచన లేదు. తర్వాత బ్రోకర్లు వచ్చారు. ఎండాకాలం సెలవులకు మూసిన బడి మళ్ళీ తెరవలేదు. కొట్టం లేచిపోయింది, యాదగిరి బర్లను కిషన్‌బాగ్ అవతలికి తోలుకుపోతూ నా గడప ముందు ఆగాడు. "చూసినవా విఠలన్నా, నేను చెప్పిందే అయింది కదా," అన్నాడు. నేను రాసినందుకే అయిందని అతనితో అనలేకపోయాను.

టీచర్ శాలిబండలో తాళాల దుకాణం పైన ఒక గది తీసుకున్నారు. సాయంత్రాలు పిల్లలను చాప మీద కూర్చోబెట్టి చదువు చెప్పేవారు. కొంతకాలం ఆమెకు మొహం చూపించలేదు. ఆ తర్వాత వారానికొకసారి పోవడం మొదలుపెట్టాను. చూపు మందగించాక నా డైరీ చదివి వినిపించమనేవారు. రెండు వాక్యాలకు ఒకసారి ఆపి, "చూసినవా, విన్నవా?" అని అడిగేవారు. నన్ను నమ్మకనే అడుగుతున్నారని చాలాకాలం అనుమానపడ్డాను. ఆ అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అర్జీ సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు. క్షమించినట్టు కూడా ఎప్పుడూ అనలేదు.

ఆరేండ్ల కింద ఒక వాన పొద్దున బాలమణి ఫోన్ చేసింది. "అన్నా, టీచర్ పోయిందంట." డైరీ ముందే ఉంది గానీ రాయలేదు. గొడుగు తీసుకుని శాలిబండ దాకా నడిచి పోయాను. తాళాల దుకాణం షట్టర్ సగం దించి ఉంది. మెట్లెక్కాను. చాప మీద పడుకోబెట్టారు. కొప్పు ఎవరో విప్పేశారు. పెన్సిల్ కిటికీలో ఉంది. ఇంటికి వచ్చి ఎడమ వైపు రాశాను: 'సులోచన టీచర్ పోయారు.'

నిన్న పొద్దున నర్సింగ్ మళ్ళీ అడిగాడు. దరఖాస్తులో నీ పేరు కూడా రాస్తానని చెప్పాను.

"నా పేరెందుకు బాపు?"

"వైన్ షాపని నాకు చెప్పింది నువ్వే కదా. నీకెవరు చెప్పిండ్రు?"

ఆటో నడిపే తన దోస్త్ చెప్పాడన్నాడు. ఫోన్ చేయమన్నాను. స్పీకర్‌లో ఆ దోస్త్ గొంతు నాకూ వినిపించింది: "అరే, నీ బూత్ కాడనే విన్న భయ్యా. నువ్వే అంటుంటివి గద."

నర్సింగ్ ఫోన్ జేబులో పెట్టుకుని కాసేపు ప్యాకెట్లు సర్దాడు. "సరే బాపు. కానీ నిజంగనే వైన్ షాపైతే?"

ఆ ఫికర్ నాకూ ఉంది. ఎర్ర ఫ్లెక్సీ మీద అనుమానం నాకేమీ తగ్గలేదు. షట్టర్‌కు తాళం ఉంది, పైన బడి వాళ్ళను అడిగితే మాకు తెలియదన్నారు. రాయక తప్పదు; అక్కడ ఏం వస్తోందో తెలపండి అని అడుగుతూ రాయాలి, మేము విన్నదీ చెప్పాలి.

ఆ రోజు టీచర్ నా డైరీ మీదే వదిలిపోయిన మా పాత అర్జీ నకలు నా దగ్గరే ఉంది. ఏడాది మారినప్పుడల్లా పాత డైరీలోంచి తీసి కొత్త డైరీలో పెడతాను. మడతల దగ్గర చిరుగుతోంది. ఎర్ర హంసపాదం మాత్రం చెదరలేదు. దాని పైన ఖాళీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. నన్ను రాయమని వదిలారో, ఇప్పుడు రాసి లాభం లేదని వదిలారో నాకు తెలియదు. నిన్న సాయంత్రం దాన్ని పక్కన పెట్టుకుని తెల్ల కాగితం తీశాను. ఈసారి వాక్యాన్ని చివరి నుంచి మొదలుపెట్టాను. లైను కొసన 'అట' అని రాసి, చుక్క పెట్టి, ఆ తర్వాతే దాని ముందుకు రావలసిన మాటల కోసం కూర్చున్నాను.