మా ఇంటి గుర్రం ఆడదని ఎవరూ అనలేదు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కంచం ముందు కూర్చున్నాక, మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు పెద్దల వరస చెప్పాలి. పన్నెండు ఊళ్లకు కావలి పెద్ద మా ముత్తాత తండ్రి. ఆ ఊళ్ల తగవులన్నీ తన అరుగు మీదే తీర్చినవాడు మా ముత్తాత. కలెక్టరు ఎదుట కుర్చీ వేయించుకుని కూర్చున్నవాడు మా జేజినాయన. మా నాయన కాలం వచ్చేసరికి ఊళ్లు పోయాయి, తగవులు కోర్టుకు పోయాయి, కుర్చీ మిగిలింది. దానితోపాటు ఒక మర్యాద కూడా మిగిలింది. వైశాఖంలో అమ్మవారి జాతరకు మా ఇంటి పెద్ద గుర్రమెక్కి ఊరేగింపుకు ముందు సాగుతాడు, మొదటి టెంకాయ కొడతాడు. గుర్రం మీద రాలేకపోతే ఆ మర్యాద ఎప్పటికీ పైవీధి వాళ్లకు పోతుంది. అది నాలుగు తరాల కట్టు.

గొప్ప చెప్పుకోవడానికి ఇదంతా రాయడం లేదు. ఇది తెలియకపోతే ఆ ఏడు ఒక మూగజీవాన్ని మా ఇంట్లో ఎందుకంత కొట్టారో అర్థం కాదు.

మా వాళ్లు ఎప్పుడూ మగగుర్రాలనే ఎక్కారు. ఆడగుర్రం జట్కా లాగడానికి తప్ప పనికిరాదని వాళ్ల అభిప్రాయం. నాకు ఏడేళ్లు నిండిన ఏడు మా ముసలి గుర్రం చచ్చిపోయింది. అప్పటికి మూడేళ్లుగా వానలు లేవు. వేసిన వేరుశనగ వేసినట్టే ఎండిపోయింది. నాయన కార్తీకంలో ఎక్కడికో వెళ్లి ఒక ఎర్రగుర్రాన్ని తక్కువ ధరకు తెచ్చి, పిడుగు అని పేరు పెట్టాడు. అది ఆడది. చూసిన ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. ఆ మాట నోటితో అన్న వంటమనిషికి మాత్రం ఆ పూటే పని పోయింది. ఆ తరువాత ఎవరూ అనలేదు. నాకు అన్నదమ్ములు లేరు, ఆడపిల్లనైన నన్ను కూడా నాయన ‘చిన్నదొర’ అనే పిలిచేవాడు. అందుకని ఆ నియమం నాకు వింతగా తోచలేదు.

చలికాలమంతా పిడుగు గొర్రెలా ఉంది. నేను దాని కాళ్ల మధ్య నుంచి దూరి అవతలికి పోయేదాన్ని. శివరాత్రి దగ్గరపడి పొద్దు పొడుగయ్యే వేళకు అది మారిపోయింది. చెవులు వెనక్కి వేసి కీచుమని అరిచేది. మాటిమాటికీ తోక పైకెత్తి మూత్రం పోసేది. పక్కటెముకల మీద చెయ్యి పడితే చాలు, తన్నేది. మా గుర్రాన్ని చూసుకునే పనివాణ్ణి నేను మామ అని పిలిచేదాన్ని. ఆయన జీను పట్టీ బిగిస్తుండగా వెనక కాలు ఒక్కసారి లేచింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు వినిపించింది. మామ కింద కూర్చుని, వంకర తిరిగిన తన కాలిని వేరేవాళ్లదన్నట్టు చూశాడు. కట్టు కట్టడానికి వచ్చినవాడు మోకాలి చిప్ప మూడు ముక్కలైందన్నాడు.

నాయన చెర్నాకోల తీశాడు. గుర్రాన్ని రెండు గుంజలకు అడ్డంగా కట్టించి, తన చెయ్యి అలిసిపోయేదాకా కొట్టాడు. మెడ మీద, వీపు మీద చర్మం చిట్లి నెత్తురు తేలింది. పొగరు అణచాలన్నాడు. మరునాడూ కొట్టాడు, ఆ మరునాడూ కొట్టాడు. ఆరు రోజుల తరువాత అది మళ్లీ సాధువైంది. చూశారా, దెబ్బకు లొంగిందని నాయన మీసం దువ్వాడు.

మూడు వారాలు తిరగకముందే మళ్లీ మొదలైంది. ఈసారి అది కొట్టడానికి దగ్గరికి వచ్చిన నాయన భుజాన్ని పళ్లతో పట్టి కండ ఊడేలా పెరికింది. నాయన నెత్తురు కారుతున్న చేత్తోనే కొట్టాడు. మేత ఆపించాడు, ముందరికాళ్లకు బంధం వేయించాడు. చివరికి జేజినాయన నాటి రెండు గొట్టాల తుపాకి తెచ్చి గుర్రపుసాల గుంజకు తగిలించాడు. ఇంకొక్కసారి కాలెత్తితే కాల్చేస్తానని అమ్మవారి మీద ఒట్టు పెట్టుకున్నాడు. మా ఇంట్లో పెట్టిన ఒట్టు ఎప్పుడూ తప్పలేదు. అందుకే ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

నేను చేయగలిగినది ఒక్కటే. వంటింటి బొగ్గుతో సాల గోడ మీద, మొదటిసారి కొట్టిన నాటి నుంచీ, నాయన కొట్టిన రోజుకు ఒక గీత, కొట్టని రోజుకు ఒక చుక్క పెట్టేదాన్ని. ఎందుకు పెట్టానో ఇప్పుడు కూడా చెప్పలేను. ఎక్కడో ఒకచోట అది ఉండాలనిపించింది, అంతే.

జాతర ఇంక పద్దెనిమిది రోజులు ఉందనగా లాడాలు కొట్టే సాయిబు వచ్చాడు. ఆయన జేజినాయన కాలం నుంచి మా ఇంటికి వస్తున్నవాడు, నాయనను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినవాడు. పిడుగు కోపం తిరగబెట్టి అది ఆరో రోజు. సాయిబు దాన్ని దూరం నుంచే చూసి ఆగిపోయాడు. తరువాత గోడ చూశాడు.

“ఏంది చిన్నమ్మా ఈ గీతలు?”

“నాయన కొట్టిన దినాలు.”

“మరి చుక్కలు?”

“కొట్టనివి.”

ఆయన వేలి కణుపుల మీద బొటనవేలు జరుపుతూ లెక్కపెట్టాడు. ఆరు గీతలు, పదిహేను చుక్కలు. మళ్లీ ఆరు, మళ్లీ పదిహేను. ఆపైన ఐదు. ఇంకా ఏదో అడగబోతుంటే నాయన వచ్చాడు.

“ఏమప్పా సాయిబూ, భయపడతాండావా? కాలెత్తి లాడం కొట్టు.”

“ఈ పొద్దు వద్దు దొరా. నాలుగు దినాలు తాళు.”

“నీకు ముసలితనం వచ్చె. తప్పుకో, నేనెత్తుతా.”

నాయన దాని పక్కటెముకల మీద చెయ్యి వేశాడో లేదో పిడుగు కీచుమంది. రెండు వెనకకాళ్లూ ఒక్కసారే లేచాయి. సాల తలుపు పలక చీలి ముక్కలైంది. నాయన గోడకు కొట్టుకుని పడ్డాడు. చెవి వెనక నుంచి మెడ మీదికి నెత్తురు దిగింది. ఆయన లేచి తుపాకి అందుకున్నాడు.

సాయిబు గొట్టాలకు అడ్డంగా, గుర్రం రొమ్ముకు వీపు ఆనించి నిలబడ్డాడు.

“కాల్చు దొరా. ఏ తప్పుకు కాలుస్తాండావో చెప్పి కాల్చు. ఇది ఆడగుర్రం. ఎదకొచ్చిండాది. నీ దొడ్లో బర్రె ఎదకొచ్చి అరిస్తే తుపాకి తెస్తావా?”

నాయన తుపాకి మడమతో ఆయన మూతి మీద కొట్టాడు. ఆ చప్పుడు కూడా నాకు గుర్తుంది. సాయిబు మోకాళ్ల మీద కూలబడి నెత్తురు ఉమ్మాడు. నెత్తుటిలో రెండు పళ్లు ఉన్నాయి. ఆయన నాయన వైపు చూడలేదు, నా వైపు తిరిగాడు.

“నన్ను కొట్టిందానికి గూడా ఒక గీత గీయి చిన్నమ్మా.”

నాయన అప్పుడు గోడ చూశాడు. నన్ను కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను. చాలాసేపు ఏమీ కాలేదు. కళ్లు తెరిచేసరికి ఆయన గోడ దగ్గర నిలబడి, పెదవులు కదుపుతూ గీతలు లెక్కపెడుతున్నాడు.

“చుక్కల దినాల్లో ఇది ఎవరినైనా తన్నిందా దొరా?” అని సాయిబు కింద నుంచే అడిగాడు.

నాయన తుపాకి మడిచి తూటాలు తీసేశాడు.

సాయిబు నోటికి గుడ్డ అదుముకునే చెప్పవలసినవన్నీ చెప్పాడు. పొద్దు పొడుగయ్యే నెలల్లో ఎద మూడు వారాలకొకసారి వస్తుంది, చలికాలంలో రాదు. ఆ ఆరు రోజులు జీను వేయకూడదు, వెనక నుంచి పోకూడదు, డొక్క ముట్టకూడదు. ఉలవలు తగ్గించి గడ్డి పెట్టాలి. బంధం విప్పి పొద్దున్నే దూరం నడిపించాలి. మగగుర్రం కనిపించే చోట కట్టకూడదు. దీంట్లో పొగరు లేదు, నొప్పీ చిరాకూ తప్ప. ఇంకో పదిహేను చుక్కలు పెట్టి మళ్లీ గీతలు మొదలుపెట్టమని, ఈసారి గీత కొట్టినందుకు కాదు, ఎద రోజుకని నాతో అన్నాడు. నాయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. జాతర సరిగ్గా మూడో గీత మీద పడింది.

“దాని ముక్కుకు కర్పూరం నూనె పూస్తే వాసన తగలక కొంచెం తగ్గుతాది,” అన్నాడు సాయిబు. “అయితే పైవీధోళ్లు మొగగుర్రం తెప్పిస్తాండారంట. అంత జనంలో కాలెత్తితే, ఈసారి పోయేది మోకాలు గాదు, ఏ పసిబిడ్డ తలకాయో.”

నాయన జాతర పొద్దున జరీ తలపాగా చుట్టుకుని, చెర్నాకోల పట్టుకుని, నా చెయ్యి పట్టుకుని నడిచి బయలుదేరాడు. పైవీధి పెద్ద తెల్లటి మగగుర్రం మీద ముందే వచ్చి ఉన్నాడు.

“ఏం దొరా, గుర్రం యాడ? అమ్ముకుంటివా?”

నాయన చెయ్యెత్తి డప్పులు ఆపించాడు.

“యాడికీ పోలేదు. ఇంట్లోనే ఉండాది. అది ఆడగుర్రం. ఎదకొచ్చిండాది. ఈ ఆరు దినాలు దానికి జీను వెయ్యను.”

ఊరు ఊరంతా నవ్వింది.

“అయితే ఆరు దినాలు నువ్వు గూడా ఇంట్లోనే ఉండల్ల గదన్నా!” అని గుంపులోంచి ఎవడో అరిచాడు. ఇంకెవడో విసిరిన బెడ్డ నాయన భుజం మీది మానని గాయానికి తగిలింది. ఆయన వేళ్లు నా వేళ్లను ఎముకలు కలిసిపోయేలా నొక్కాయి. చెర్నాకోల పట్టిన చెయ్యి మాత్రం లేవలేదు. మొదటి టెంకాయ పైవీధి వాళ్లు కొట్టారు. ఇప్పటికీ వాళ్లదే.

పిడుగు ఆ తరువాత పదకొండేళ్లు మా సాలలో బతికింది. ఎవరినీ తన్నలేదు. నాయన దాని మీద మళ్లీ చెయ్యి చేసుకోలేదు. సాయిబుకు మాత్రం ఆయన క్షమాపణ చెప్పలేదు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. దానికి నేను ఈనాటికీ సిగ్గుపడుతున్నాను.

జాతర అయ్యాక ఒకసారి, కర్ర ఊతతో నడుస్తున్న మామను, అది ఎదకొచ్చిందని నీకు ముందే తెలుసా అని అడిగాను. ఆయన నవ్వాడు. “తెలుసు చిన్నమ్మా. చెప్పింటే మోకాలు మిగిలేది, కూడు పోయేది.” ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకుపోయి నాయనకు చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

డెబ్బై దాటాక కూడా ఆ ఏడాది నాలో ఉంది. ఎవరైనా ఉన్నట్టుండి పళ్లు నూరితే, కోపం ఎంతదని నేను చూడను. ఎప్పుడు మొదలైందో అడుగుతాను. ఆ ఇంట్లో ఎవరూ అనలేకపోతున్న మాట ఏదో వెతుకుతాను. వెన్ను వంచకుండానే ఆ మాట అనవచ్చని నాకు చూపించినవాడు మా నాయనే. ఎవరి పళ్లు రాలిన తరువాత ఆయన దాన్ని నేర్చుకున్నాడో కూడా మరిచిపోను.

ఆ ఏడు మృగశిర కార్తెకు ముందు నాయన బావి కింది మూడెకరాలు అమ్మి, మామకు ఒక ఇల్లు కట్టించి, రెండు పాడిబర్రెలు కొనిచ్చాడు. మా ఇంట్లో మొట్టమొదట అమ్మిన భూమి అదే.