పందికొక్కు

తిండిపోతులను పందికొక్కులనేవాళ్లు పందికొక్కు కలుగును ఎప్పుడూ తవ్వి ఉండరు. మేం తవ్వాం. సొంత పొలం లేని మాకు కోతలయ్యాక గట్ల కింది కలుగులు తవ్వి, పందికొక్కులు దాచుకున్న వరి కంకులు తెచ్చుకోవడం ఆనవాయితీ. మాకు కొత్త బియ్యమంటే అవే.

నా చిన్నప్పుడు ఒకసారి సంగం ఊరి దగ్గర అమ్మా నేనూ తవ్వుతుంటే పొలం ఆసామి వచ్చి, "పందికొక్కుల్లారా, దోచుకుంటుండారా?" అని అరిచాడు.

అమ్మ పార దించలేదు. "నీ పంట నువ్వు కోసుకోని పోయినావు గదన్నా. ఇది వాటి పంట. అడిగేదుంటే వాటినే అడుగు" అంది. తవ్విన గట్టును మట్టితో పూడ్చి, కాళ్లతో తొక్కి గట్టిచేసి, కంకులు మూటగట్టుకుని మరీ కదిలింది.

ఇంటికొస్తూ, ఆ జంతువుకు ఆ పేరెందుకని అడిగాను. "కొక్కంటే పెద్ద ఎలక. కలుగులో చెయ్యిబెడితే పందిలాగా గుర్రుమంటది. అందుకే పందికొక్కు" అంది.

ఇప్పుడు కృష్ణపట్నంలో నేను పనిచేసేచోట క్యాంటీన్లో రెండోసారి అన్నం పెట్టించుకుంటే, పక్కవాళ్లు నన్నూ ఆ మాటే అంటారు. అననీ. నా కంచం జోలికొస్తే మాత్రం, గుర్రుమనడం నాకూ వచ్చు.