దర్వాజ లేని బియ్యం గది

ముందే చెప్తున్నాను, నేను ఐదో తరగతి దాటలేదు. తాపీ పట్టిన చేత్తో పెన్ను పట్టడం ఇదే మొదలు. అక్షరాలు వంకరపోయినా, ఒత్తులు ఊడిపోయినా ఏమనుకోకండి. రాసేది ఎట్లాగూ నా పరువు పోయిన సంగతే.

ఒక బడి పిల్లలందరి అన్నాన్ని ఒక్క పూటలో గోడ కట్టి మూసేసిన మనిషిని నేను. అదీ చాలా నీటుగా.

మాది ఎల్లారెడ్డి. కామారెడ్డిలో ఒక బడికి రెండు కొత్త గదులు కలిపే పని వచ్చినప్పుడు కాంట్రాక్టు పట్టిన మా సేటు మొదటిసారి నన్ను పెద్దమేస్త్రిని చేశాడు. "ఇది మంచిగ చేస్తే మేడ మీది గదులు గూడ నీకే" అన్నాడు. ఆ రోజు నుంచి బస్సులో కిటికీ పక్కన సీటు దొరక్కపోతే నాకు అవమానంగా ఉండేది.

పెండ్లి చేసి చూడు, ఇల్లు కట్టి చూడు అంటారు. ఆ మాట అన్నవాళ్లెవరూ బడి నడుస్తుండగా కట్టి చూడలేదు. బడిని నడిపే పెద్దమేడం మొదటి రోజే పిలిచి చెప్పింది.

"చూడు మేస్త్రీ, పగలగొట్టుడు, కోసుడు, సప్పుడయ్యే పనంత ఆదివారం. బడి ఉన్నరోజు సప్పుడు లేని పనే. సమజైందా?"

"సమజైంది మేడం."

"సూది పడ్డ సప్పుడు గూడ నాకు ఇనపడొద్దు."

"ఇనపడది మేడం."

బడి వెనక మధ్యాహ్న భోజనం బియ్యం ఉండే గది ఉంది. దాని పాత దర్వాజ మా కొత్త గదిలోకి వస్తుంది. అందుకని దాన్ని ఇటుకలతో మూసి, వరండా వైపు గోడ పగలగొట్టి ఇంకో దర్వాజ పెట్టాలి. పాత దర్వాజ ఊడదీసేసరికే ఆదివారం పొద్దుగూకింది. సోమవారం పొద్దున నా బుర్ర చురుగ్గా పనిచేసింది. పగలగొట్టుడంటే సప్పుడు, కాబట్టి వచ్చే ఆదివారం. మూసుడంటే సప్పుడు లేదు, కాబట్టి ఇవాళే.

నాతో పనిచేసే రాజన్న ఒక ఇటుక చేతిలో పట్టుకుని గది లోపలికి తొంగి చూశాడు.

"అన్నా, దీన్ని ఇప్పుడే మూసుడా?"

"సప్పుడైతదా?"

"కాదు."

"మరి మూయి."

"అది కాదన్నా, లోపల..."

"సప్పుడు చెయ్యకు రాజన్నా. క్లాసులు నడుస్తున్నయ్."

గంటన్నరలో మూసేశాం. కోడిపిల్ల నిద్ర కూడా చెదరలేదు. గోడ ముందు నిలబడి, పెండ్లికూతురి తండ్రిలా మురిసిపోతున్నాను. అప్పుడు వంట చేసే లచ్చవ్వ గంప పట్టుకుని వచ్చింది. గోడను చూసింది. గంపను చూసింది. నన్ను చూసింది.

"కొడుకా, దర్వాజ ఏది?"

"ఆదివారం వస్తది అవ్వా."

"బియ్యం?"

నేను వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాను. లెక్క ఇంకా తేలలేదు.

"పోరగాండ్లు ఆదివారందాక పస్తుంటరా? పగలగొట్టు!" అంది లచ్చవ్వ.

"సుత్తె తే రాజన్నా" అన్నాను.

రాజన్న నేల చూపులు చూశాడు. "పిల్లలు ముట్టుకుంటరని సుత్తె, శానం నువ్వే దాచిపెట్టినవ్ గదన్నా."

"ఎక్కడ?"

"బియ్యం బస్తాల ఎనక."

ఇంతలో పెద్దమేడం వచ్చింది. సంగతి విని కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. గోడ అక్కడే ఉంది.

"మేస్త్రీ, పక్క గదిల పిల్లలు పరీక్ష రాస్తున్నరు. సప్పుడు లేకుండ తియ్యి."

"ఒక్కొక్క ఇటుక చేతితో తీస్తం మేడం. జర టైం పడ్తది, నా గోడ మస్తు గట్టిది. ఏనుగు గుద్దినా కదలదు."

"అవునా?" అని లచ్చవ్వ అరచెయ్యి ఆనించింది.

ఏనుగు అవసరం పడలేదు. పచ్చి గోడ మొత్తం ఒక్కసారి లోపలికి కూలింది. ఆ బడి పుట్టినప్పటి నుంచి అంత సప్పుడు విని ఉండదు. దుమ్ము తగ్గేసరికి పిల్లలందరూ ప్లేట్లు పట్టుకుని వరుస కట్టి ఉన్నారు. అది అన్నం గంట అనుకున్నారట. అప్పటికి టైం పదిన్నర. బియ్యం ఇంకా బస్తాల్లోనే ఉన్నాయి.

అన్నం ఉడికేదాకా వాళ్లు ప్లేట్ల మీద చేతులతో దరువు వేశారు. మేడం ఆ సప్పుడంతా వరండాలో నిలబడి విన్నది. అన్నం నాతోనే వడ్డింపించింది కూడా.

సాయంత్రం మేడం మా సేటుకు ఫోన్ చేస్తుంటే, నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె మాత్రం ఎంతో శాంతంగా మాట్లాడింది. "మేడ మీది పని గూడ ఇతనికే ఇయ్యుండ్రి. పిలగాండ్లకు కడుపు నిండ వడ్డించిండు."

తర్వాత నా వైపు తిరిగింది.

"ఒక్కటే షరతు మేస్త్రీ. మెట్లు ముందు కట్టు."

నా తాపీ మీద ఒట్టు, కొత్త తొవ్వ తియ్యకుండా పాత తొవ్వ ఈ జన్మలో మూయను. నేను లోపలున్నా సరే, బయటున్నా సరే.

ఇందులో తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి. గోడ అయితే లచ్చవ్వతో కూలగొట్టించి మళ్లీ కట్టేవాడిని. రాత కదా, అట్లా కుదరదు.